పేపరు వేయించుకోవాలా, ఈ-పేపర్‌కు మారాలా: ఇంటింటి అవసరాన్ని బట్టి ఒక పోలిక

నెలాఖరున బిల్లుల కట్టతో వచ్చే ఏజెంటు ఇదివరకు అడిగే ప్రశ్న ఒకటే ఉండేది: “ఈ నెల ఎన్ని రోజులు పేపరు పడలేదండీ?” ఆ రోజులు తీసేసి, డబ్బు పుచ్చుకుని వెళ్లిపోయేవారు. ఇప్పుడు మా వీధిలో ఆయన అడుగుతున్నది వేరు: “వచ్చే నెల కూడా వేయమంటారా, ఆపేయమంటారా?” ఎదురింటివారు ఆపేశారు, పై అంతస్తువారు రెండు పేపర్లకు బదులు ఒకటే తెప్పించుకుంటున్నారు, మలుపులో ఉన్న ఇంట్లో పెద్దాయన పోయాక పేపరు చదివేవారే లేకపోయారు. ఇన్ని ఇళ్లు చేజారాక ఆయన ముందుగానే అడిగి తెలుసుకుంటున్నారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక సందిగ్ధంలో ఉన్నవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను. ఇంటికి పేపరు వేయించుకోవడం, ఆదివారానికి పరిమితం కావడం, ఈ-పేపర్‌కు మారడం, వెబ్‌సైట్ లేదా యాప్‌తో సరిపెట్టుకోవడం, గ్రంథాలయానికి వెళ్లి చదవడం అనే ఐదు మార్గాలు మన ముందున్నాయి. చాలా ఇళ్లలో ఈ నిర్ణయం “వార్తలన్నీ ఫోన్లో వస్తున్నాయి కదా” అన్న ఒక్క వాక్యంతో అయిపోతోంది. అన్ని వార్తలూ ఫోన్లో వస్తాయన్నది నిజం కాదు. ఏవి వస్తాయో, ఏవి రావో తెలుసుకున్నాక ఆపేస్తే తరవాత బాధపడవలసిన పని ఉండదు.

## గుమ్మంలో పేపరు ఎలా పడుతుంది

తెల్లవారేసరికి గుమ్మంలో పేపరు ఉండాలన్న అలవాటు మనం అనుకునేంత పాతది కాదు. 1914లో మద్రాసులో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక, 1938లో అక్కడే పుట్టిన ఆంధ్రప్రభ తెలుగు జిల్లాలకు దూరప్రయాణం చేసి చేరవలసి వచ్చేవి. విజయవాడలో అచ్చయిన పత్రిక కూడా ఒకప్పుడు విశాఖపట్నం చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలోనే మొదలై, అక్కడే అచ్చయి, సూర్యోదయానికి ముందే ఇళ్లకు చేరడంతో ఈ అలవాటు కుదురుకుంది. 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాక మండలంలో జరిగిన సభ, పక్క ఊళ్లో కూలిన గోడ కూడా వార్తలయ్యాయి. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో బయలుదేరిందంటే, పాఠకుడి ఊరికి ఎంత దగ్గరగా వెళ్తే అంత మంచిదన్న నమ్మకం అప్పటికి ఎంతగా బలపడిందో ఊహించవచ్చు.

ఈ ఏర్పాటంతా చివరికి ఆధారపడేది సైకిలు మీదనో మోపెడ్ మీదనో వచ్చే ఒక మనిషి మీద. రాత్రి అచ్చయిన కట్టలు వ్యానుల్లో వచ్చి కూడలిలోనో బస్టాండు దగ్గరో దిగుతాయి. అక్కడ దీపపు స్తంభం వెలుగులో కూర్చుని అనుబంధాలను, బట్టల దుకాణం కరపత్రాలను లోపల పెట్టి, లెక్క చూసుకుని, లైన్లవారీగా, అంటే ఒక్కో కుర్రవాడు తిరిగే వీధుల వరుసల ప్రకారం, పంచుకుంటారు. ఏజెంటుకు ఒక్కో ప్రతి మీద కమీషను వస్తుంది, పేపరు వేసే కుర్రవాడికి నెల జీతం ఇవ్వాలి. వీధిలో 40 ఇళ్లకు వేసినా 10 ఇళ్లకు వేసినా తిరిగే దూరం ఒకటే, పెట్రోలు ఖర్చూ ఒకటే, తగ్గేది కమీషను మాత్రమే. ఇళ్లు పలచబడిన లైనును మరో లైనులో కలుపుతారు. అప్పుడు అయిదున్నరకు పడే పేపరు ఏడున్నరకు పడుతుంది. ఏడున్నరకు ఆఫీసుకు బయలుదేరేవారు ఆ పేపరు చదవలేక ఆపేస్తారు, దానితో లైను ఇంకా పలచబడుతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు కాగితం మీద వైరస్ ఉంటుందన్న భయంతో ఎన్నో అపార్ట్‌మెంట్లు పేపరును గేటు దగ్గరే ఆపేశాయి. అలా ఆపినవారిలో చాలామంది మళ్లీ మొదలుపెట్టలేదు. అదే కాలంలో కొన్ని పత్రికలు పేజీలు తగ్గించి, విడిగా వచ్చే జిల్లా అనుబంధాన్ని ప్రధాన పత్రిక లోపలి పేజీల్లో కలిపేశాయి. 2021లో చతుర, విపుల వంటి మాసపత్రికలు ప్రచురణ నిలిపివేశాయి. పత్రికలు అచ్చువేసే కాగితం, అంటే న్యూస్‌ప్రింట్‌లో పెద్ద భాగం దిగుమతి మీదే ఆధారపడి ఉండడం, దానిపై 2019 బడ్జెట్‌లో 10 శాతం సుంకం వేసి మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించడం, ఇల్లు అద్దెకు, పెళ్లి సంబంధం వంటి చిన్న ప్రకటనలు ఫోన్లలోకి వెళ్లిపోవడం పత్రికల లెక్కలను మరింత బిగించాయి.

ఇదంతా చెప్పడానికి కారణం ఒకటుంది. ఈ-పేపర్‌ను ఎప్పుడైనా ఆపి ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు, కానీ ఇంటికి పేపరు వేసే ఏర్పాటు అలాంటిది కాదు. మీ వీధిలో ఒకసారి లైను ఎత్తివేస్తే, మీ ఒక్క ఇంటి కోసం ఎవరూ తిరిగి రారు.

## ముందుగా చూసుకోవలసిన విషయాలు

అన్నిటికంటే ముందు చూడవలసింది జిల్లా పేజీ. దేశం, సినిమా, క్రికెట్ వార్తలు ఎక్కడైనా దొరుకుతాయి. రేపు మీ ఫీడరులో కరెంటు తీసే వేళలు, కాలువకు నీళ్లు వదిలే తేదీ, గుంటూరు యార్డులో మిర్చి ధర, ఊళ్లో చిన్ననాటి మాస్టారు పోయారన్న కబురు, శ్రద్ధాంజలి ప్రకటనలో తెలిసిన ముఖం, వీటిని వెతికి పట్టుకోవడం ఫోన్లో కష్టం, ఎందుకంటే అవి ఉన్నాయని తెలియకుండా వాటి కోసం వెతకలేము. పేజీ తిప్పుతుంటే కంటబడటమే వాటిని చదివే పద్ధతి. నెల రోజుల్లో మీరు ఆ పేజీ ఎన్నిసార్లు చదివారో గుర్తుచేసుకోండి. ఒక్కసారి కూడా చదవకపోతే మీ నిర్ణయం సగం అయిపోయినట్టే.

దీనికి అనుబంధంగా చట్టం కోరే ప్రకటనలు ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి తట్టదు. 2013 భూసేకరణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, భూమి తీసుకోదలచినట్టు ప్రాథమిక ప్రకటనను ఆ ప్రాంతంలో చదివే రెండు దినపత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషది కావాలి. అప్పు కట్టని ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకున్నప్పుడు ఇచ్చే నోటీసు కూడా రెండు పత్రికల్లో రావాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. ఇల్లో స్థలమో కొనబోయేవారు వేయించే “అభ్యంతరాలుంటే ఇన్ని రోజుల్లో తెలపాలి” అనే లాయరు ప్రకటనలూ అక్కడే వస్తాయి. ఊళ్లో పొలమో తాతల నాటి ఉమ్మడి స్థలమో ఉండి, మీరు పట్నంలో ఉంటున్నట్టయితే ఈ విషయానికి మిగతావాటి కంటే ఎక్కువ బరువు ఇవ్వాలి.

మూడవది, ఇంట్లో ఎవరెవరు చదువుతారన్నది. ఒక పేపరును నలుగురు చదివే ఇల్లూ, నాలుగు ఫోన్లలో నలుగురు నాలుగు రకాల వార్తలు చూసే ఇల్లూ ఒకటి కావు. తాతగారు మొదటి పేజీ, అమ్మ వసుంధరో నవ్యో ఫ్యామిలీయో, పిల్లలు ఆటల పేజీ, అందరి తరవాత గళ్ళనుడికట్టు కోసం కలం పట్టుకుని మరొకరు ఉండే ఇంట్లో పేపరు ధరను నలుగురికి పంచి చూడాలి.

ఖర్చు విషయంలో పేపరు ధర ఒక్కటే చూసి మోసపోకూడదు. ఒక్కో ప్రతి ధరను 30తో హెచ్చించి, ఆదివారం ఎక్కువ ధర ఉంటే అది కలిపి, ఇంటికి వేసినందుకు ఏజెంటు విడిగా ఏమైనా తీసుకుంటుంటే అదీ కలపాలి. తరవాత పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మితే వచ్చేది తీసేయాలి. ఉదాహరణకు ఒక ప్రతి ధర 7 రూపాయలనుకుంటే నెలకు 210 రూపాయలు. ఈ మొత్తాన్ని ఈ-పేపర్ చందాతో పోల్చేటప్పుడు, చందా నెలకా ఏడాదికా అన్నది చూసుకోండి. తక్కువగా కనిపించే చందాలు ఏడాది డబ్బు ముందే కట్టించుకునేవి కావచ్చు.

కంటి శ్రమ, వార్త చేరే సమయం, దాచుకునే వీలు, ఊరు మారితే అనుసరించే వీలు కూడా చూడాలి. వాటిని ఒక్కో మార్గం దగ్గర చెబుతాను.

## ఇంటికి వేయించుకునే అచ్చు పేపరు

దీని బలం అందరికీ తెలిసినదే అయినా, తరచు మరిచిపోయేది ఒకటుంది. అచ్చు పేపరు ముగుస్తుంది. చివరి పేజీ తిప్పాక ఆ రోజుకు వార్తలు అయిపోతాయి, మనిషి లేచి తన పని చూసుకుంటాడు. ఫోన్లో వార్తలకు చివర అనేది లేదు. పొద్దున్నే ఆందోళన పెంచే వీడియోల మధ్య గంటసేపు గడిపే అలవాటు నుంచి బయటపడాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదని నా అనుభవం.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. పెద్ద అక్షరాల శీర్షికలు, బొమ్మ కింద రెండు వరుసలు, ఆటల స్కోరు, ఇవి వారికి తెలుగు చదవడం నేర్పినంతగా వాచకం నేర్పలేదు. బల్ల మీద పరిచి ఉన్న పేపరు వైపు పిల్లవాడి చూపు పడుతుంది, పెద్దల చేతిలోని ఫోన్ వైపు పడే అవకాశం లేదు.

లోపాలూ ఉన్నాయి. అచ్చు పేపరు అర్ధరాత్రికి కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది. అచ్చు కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు వెళ్లే ప్రతులు ఇంకా ముందే అచ్చవుతాయి కనుక, రాత్రి ఆలస్యంగా ముగిసిన మ్యాచ్ ఫలితం పట్నం ప్రతిలో ఉండి పల్లె ప్రతిలో లేకపోవడం పాత పాఠకులందరూ ఎరిగినదే. వాన రోజుల్లో తడిసిన పేపరు, పండగ మర్నాడు రాని పేపరు, ఊరెళ్లినప్పుడు గుమ్మంలో పేరుకుపోయి ఇంట్లో ఎవరూ లేరని చాటే పేపర్లు దీనితో వచ్చే ఇబ్బందులు.

రెండు పేపర్లు వేయించుకునే ఇళ్లు ఒకటి తగ్గించుకోదలిస్తే, ఏది ఆపాలన్నది అభిమానాన్ని బట్టి కాకుండా జిల్లా పేజీని బట్టి తేల్చుకోమంటాను. వారం రోజులు రెండింటి జిల్లా పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ మండలం పేరు దేనిలో ఎక్కువసార్లు కనిపిస్తే దాన్ని ఉంచుకోండి. తెలుగు పత్రికల్లో కొన్నిటికి రాజకీయ పక్షాలతో ఉన్న దగ్గరితనం దాచేస్తే దాగేది కాదు. అందువల్ల రెండు వైపుల మాటా తెలియాలంటే రెండు పేపర్లూ ఉండాలనేవారున్నారు, వారి మాటలో న్యాయం ఉంది. అయితే ఒకటి అచ్చులో, రెండవది వెబ్‌సైట్లో చదివినా ఆ అవసరం తీరుతుంది.

## ఆదివారం మాత్రమే

పనిదినాల్లో చదివే తీరిక లేనివారు ఆదివారం ఒక్కరోజే వేయించుకోవచ్చా అని అడుగుతుంటారు. ఆదివారం పుస్తకం, ఫన్‌డే, బతుకమ్మ వంటి అనుబంధాల్లోని కథలు, కవర్ స్టోరీలు వారమంతా దాచి చదువుకోదగినవి కనుక కోరిక సహజమే. ఆచరణలో మాత్రం వారానికి ఒక్క ప్రతి కోసం లైను మార్చుకోవడానికి ఏజెంట్లు అంతగా ఇష్టపడరు. అడిగి చూడండి, కాదంటే దుకాణంలో కొనుక్కోవడమే మార్గం. దుకాణాలు తెచ్చే ప్రతులు కొన్నే కాబట్టి పెందలకడే వెళ్లాలి. నా మటుకు ఇది ఒంటరిగా ఉండే ఉద్యోగులకు మంచి మధ్యేమార్గం, కుటుంబాలకు అంతగా సరిపడదు.

## ఈ-పేపర్

ఈ-పేపర్ అంటే అచ్చయిన పేజీకి యథాతథమైన ప్రతిబింబం. వార్త ఏ పేజీలో, ఎంత పెద్ద శీర్షికతో, దేని పక్కన వచ్చిందో అలాగే కనిపిస్తుంది. ప్రకటనలు, నోటీసులు, శ్రద్ధాంజలులు కూడా ఉంటాయి. ఈ ఒక్క కారణంగా ఇది వెబ్‌సైట్ కంటే, యాప్ కంటే అచ్చు పేపరుకు దగ్గరగా ఉంటుంది. కొన్ని పత్రికలు ఉచితంగా ఇస్తాయి, కొన్ని లాగిన్ అడుగుతాయి, కొన్ని చందా కట్టమంటాయి, ఈ విధానాలు మారుతుంటాయి కనుక చేరే ముందు చూసుకోవాలి.

దీని అసలైన వరం ఎడిషన్‌ను ఎంచుకునే స్వేచ్ఛ. హైదరాబాదులో ఇంటికి పడే పేపరులో శ్రీకాకుళం జిల్లా పేజీ ఉండదు, ఈ-పేపర్లో మాత్రం మీ సొంత జిల్లాను తెరవవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 2016 అక్టోబరులో తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 నుంచి 26 అయ్యాయి, ఆ తరవాత కూడా కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. మీ మనసులో ఉన్న పాత జిల్లా పేరుతో ఎడిషన్ తెరిస్తే మీ మండలం వార్త అందులో లేకపోవచ్చు. భూమి నోటీసుల కోసం చూసేవారైతే మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో, పత్రిక దాన్ని ఏ ఎడిషన్‌లో వేస్తోందో రెండూ సరిచూసుకోవాలి.

దేశం దాటినవారికి దీనికి సాటి వచ్చేది లేదు. మనకు ఉదయం అయిదు గంటలైతే న్యూజెర్సీలో ముందురోజు సాయంత్రం ఆరున్నరో ఏడున్నరో అవుతుంది, అంటే మన రేపటి పేపరును వారు ఈ రాత్రి భోజనానికి ముందే చదువుకోవచ్చు. గల్ఫ్‌లో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ కుర్రవాళ్లు డ్యూటీకి వెళ్లే బస్సులో సొంత జిల్లా పేజీ తిప్పుకోగలుగుతున్నారంటే అది ఈ-పేపర్ వల్లనే.

అయితే పెద్ద పేజీని చిన్న ఫోన్ తెర మీద చదవడం కష్టమైన పని. రెండు వేళ్లతో పెద్దది చేసి, కుడికీ ఎడమకీ జరుపుతూ, వార్త మిగతా భాగం కోసం లోపలి పేజీకి వెళ్లి తిరిగి వచ్చేసరికి అరవై దాటినవారు విసిగిపోతారు. 10 అంగుళాల ట్యాబ్ ఉంటే పరిస్థితి బాగా మారుతుంది. కాబట్టి అమ్మానాన్నలకు ఈ-పేపర్ పెట్టించదలచుకుంటే చందాతోపాటు ట్యాబ్ ఖర్చును కూడా లెక్కలో వేసుకోవడం న్యాయం. చూపు లేనివారికి పేజీ బొమ్మ అంతగా పనికిరాదు, ఎందుకంటే ఫోన్లో చదివి వినిపించే సదుపాయం అక్షరాలను చదివినంత బాగా బొమ్మలోని పేజీని చదవలేకపోవచ్చు. వారికి వెబ్‌సైటే మేలు.

దాచుకోవడం గురించి కూడా చెప్పాలి. చాలా ఈ-పేపర్లలో వెనక్కు వెళ్లగలిగే రోజులకు పరిమితి ఉంటుంది, చందా ఆగితే పాతవి కూడా అందవు. పిల్లవాడి ఫొటో పేపర్లో పడితే కత్తిరించి దాచుకున్న కాగితం పాతికేళ్ల తరవాత కూడా ఉంటుంది. వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయానికి నేటికీ పరిశోధకులు వెళ్తున్నది అక్కడ భద్రంగా ఉన్న వందేళ్ల నాటి పత్రికల కోసమే. ఈ-పేపర్లో మీకు ముఖ్యమైనది ఏదైనా వస్తే ఆ రోజే తేదీ, పేజీ కనిపించేలా మీ కోసం ఒక ప్రతి తీసి పెట్టుకోండి.

వాట్సాప్‌లో తెల్లవారుజామునే వచ్చే పీడీఎఫ్‌లను ఈ-పేపర్‌గా లెక్కపెట్టకూడదు. పత్రిక అనుమతి లేకుండా మొత్తం సంచికను పంచడం కాపీరైటు ఉల్లంఘన. ఒక హిందీ దినపత్రిక ఈ-పేపర్లను ఉచితంగా పంచుతున్న టెలిగ్రామ్ చానళ్లను తొలగించమని ఢిల్లీ హైకోర్టు 2020 మేలో ఆదేశించింది. పైగా మార్చిన పేజీలు, నకిలీ శీర్షికలు కలిసి వచ్చేది కూడా ఈ దారినే.

## వెబ్‌సైట్, యాప్

వేగంలో వీటిని మించినవి లేవు. తుపాను ఎక్కడ తీరం దాటిందో, బడులకు సెలవు ఇచ్చారో లేదో తెలియాలంటే రేపటి పేపరు కోసం ఆగలేము. వే2న్యూస్ వంటి యాప్‌లు కొన్ని వాక్యాల్లోనే వార్తను ముగిస్తాయి, స్థానిక వార్తలూ ఇస్తాయి. పత్రికల సొంత వెబ్‌సైట్లలో అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు, విని తెలుసుకోవచ్చు.

కానీ ఇక్కడ ఏ వార్త ముఖ్యమో సంపాదకుడు కాకుండా మీ వేలు నిర్ణయిస్తుంది. ఒక సినిమా వార్త మీద నొక్కితే పది సినిమా వార్తలు వస్తాయి. చట్టం కోరిన నోటీసులు, టెండర్లు, శ్రద్ధాంజలులు సాధారణంగా ఇక్కడ ఉండవు. కొద్ది వాక్యాల వార్త చదివి విషయం తెలిసిందనుకునే ప్రమాదమూ ఉంది. దీన్ని మిగతా మార్గాలకు తోడుగా ఉంచుకోండి, ఒక్కదానిగా వద్దు.

## గ్రంథాలయం

మనం ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. 1960 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం కింద అది ఆస్తిపన్నులో ఒక్కో రూపాయికి 8 పైసలు. కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖలో కూర్చుని పేపరు చదవడం మొహమాటపడవలసిన విషయం కాదు. అక్కడ ఒకటి కాదు, ఎన్నో పత్రికలు ఒకే బల్ల మీద దొరుకుతాయి. ఒకే సంఘటనను నాలుగు పత్రికలు నాలుగు విధాలుగా ఎలా రాశాయో గమనించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. హైదరాబాద్ చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదివే యువత చేసేది ఇదే. శాఖ పనివేళలు, సెలవులు చూసుకోవాలి. ఉదయం కాఫీతో పేపరు కావాలనేవారికి మాత్రం ఇది కుదరదు.

## ఒక్కచోట చూస్తే

| విషయం | ఇంటికి పేపరు | ఈ-పేపర్ | వెబ్‌సైట్, యాప్ | గ్రంథాలయం |
|---|---|---|---|---|
| జిల్లా వార్త | ఉన్న ఊరిది మాత్రమే | కోరుకున్న జిల్లాది | అరకొరగా | ఆ ఊరిది, పలు పత్రికల్లో |
| నోటీసులు, శ్రద్ధాంజలి | పూర్తిగా | పూర్తిగా, సరైన ఎడిషన్ తెరిస్తే | దాదాపు ఉండవు | పూర్తిగా |
| తాజాదనం | అర్ధరాత్రి వరకు | అర్ధరాత్రి వరకు | అప్పటికప్పుడు | అర్ధరాత్రి వరకు |
| పెద్దల కంటికి | మేలు | ట్యాబ్ ఉంటే మేలు | అక్షరం పెంచుకోవచ్చు | మేలు |
| ఇంట్లో పలువురు చదవడం | సులువు | కష్టం | ఎవరిది వారికి | ఎవరికి వారు వెళ్లాలి |
| దాచుకోవడం | కత్తిరించి దాచవచ్చు | పరిమిత కాలం | లింకు ఉన్నంతకాలం | అక్కడే చూడాలి |
| ఆపి మళ్లీ మొదలుపెట్టడం | లైను ఉంటేనే | ఎప్పుడైనా | ఎప్పుడైనా | ఎప్పుడైనా |

## ఎవరికి ఏది

ఇంట్లో డెబ్బై దాటినవారు ఉంటే, వారు చదివే పేపరును వారి అనుమతి లేకుండా ఆపకండి. ఇందులో ఖర్చు లెక్క పనిచేయదు. గేటు చప్పుడు విని లేచి వెళ్లడం, పేపరు మడత విప్పడం, తిథి వర్జ్యాలు చూసుకోవడం, పక్కింటాయనతో ఒక వార్త గురించి వాదించడం వారి రోజుకు మొదలు. మా ఇంట్లో ఒక ఏడాది నేను ట్యాబ్ కొనిచ్చి పేపరు మాన్పించాను. మా నాన్నగారు ఏమీ అనలేదు, కానీ వార్తల గురించి మాట్లాడటం తగ్గించేశారు. మూడు నెలల తరవాత పేపరు మళ్లీ వేయించాను. అప్పటికి లైను ఇంకా ఉండటం మా అదృష్టం.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలున్న ఇళ్లకూ అచ్చు పేపరే చెబుతాను, పెద్దలు వారానికి నాలుగు రోజులైనా దాన్ని వారి ముందు తెరిచి చదువుతారన్న షరతుతో. మడత విప్పని పేపరు పిల్లలకు ఏమీ నేర్పదు.

గ్రూప్స్ వంటి పరీక్షలకు సిద్ధమయ్యేవారి అవసరం వేరు. ఒక తెలుగు పత్రిక, ఒక ఇంగ్లీషు పత్రిక, రెండింటి సంపాదకీయ పేజీలు, పాత తేదీలు తిరగేసే వీలు వారికి కావాలి. అద్దె గదిలో ఉండే విద్యార్థికి గ్రంథాలయం, దానికి తోడు ఒక ఈ-పేపర్ సరిపోతాయి. కత్తిరింపులు అతికించే నోటు పుస్తకం పద్ధతి ఇష్టమైనవారు మాత్రం గదిలోని నలుగురూ కలిసి ఒక పేపరు వేయించుకోవచ్చు.

పట్నంలో ఉద్యోగం, ఊళ్లో పొలం ఉన్నవారు సొంత జిల్లా ఈ-పేపర్‌ను తప్పక పెట్టుకోవాలి. రోజూ పూర్తిగా చదవకపోయినా, నోటీసులు ఉండే పేజీలను ఒకసారి చూడటానికి అయిదు నిమిషాలు చాలు. వీలైతే రెండు పత్రికల్లో చూడాలి, ఎందుకంటే ప్రకటన మీరు చదవని రెండు పత్రికల్లోనే రావచ్చు. ఊళ్లో పేపరు చదివే బంధువు ఒకరు ఉంటే వారికి చెప్పి ఉంచడం కూడా పాతదైనా గట్టి ఏర్పాటే.

అపార్ట్‌మెంటులో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే చిన్న కుటుంబం, పేపరు మడత విప్పకుండానే పాత పేపర్ల గుట్టలోకి వెళ్తోందని గమనిస్తే, నిస్సంకోచంగా ఈ-పేపర్‌కు మారవచ్చు. అచ్చు మీద మమకారంతో చదవని పేపరుకు డబ్బు కట్టడం వల్ల పత్రికకూ పాఠకుడికీ మేలు లేదు. ఏజెంటుకు ఒక ప్రతి కమీషను మిగులుతుందన్నది నిజమే, ఆ మాట నాకూ బరువుగానే తోస్తుంది.

## ఏజెంటుకు చెప్పే ముందు

తేల్చుకోలేనివారు ఒక నెల పరీక్షించి చూడవచ్చు. మొదటి రెండు వారాలు అచ్చు పేపరు వేయించుకుంటూనే ఈ-పేపర్ మాత్రమే చదవండి, పేపరును తెరవకుండా ఒకచోట పెట్టండి. తరవాతి రెండు వారాలు పేపరు మాత్రమే చదవండి. నెల చివర మీకు ఏది వెలితిగా అనిపించిందో, ఇంట్లో ఎవరు ఏది అడిగారో రాసుకోండి. పేపరు ఆపకుండానే పరీక్ష చేయమనడానికి కారణం ముందే చెప్పాను, లైను పోతే తిరిగి రాదు.

ఏడాది చందా కట్టి ఉంటే మధ్యలో ఆపితే మిగిలిన డబ్బు సంగతేమిటో రసీదు చూసి, ఏజెంటును అడిగి తెలుసుకోండి. ఈ-పేపర్ చందాలో గడువు తీరాక డబ్బు దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటు ఉందేమో చూసి, వద్దనుకుంటే ఆపేయండి. మీ పేపరు ఆలస్యంగా పడుతున్నదే మీ అసలు ఇబ్బంది అయితే, ఆపే ముందు ఆ మాట ఏజెంటుతో చెప్పండి. అపార్ట్‌మెంటులో అయిదారు ఇళ్లవారు కలిసి ఫలానా వేళకు కావాలని అడిగితే, లైను తిరిగే వరుస మార్చడం ఆయనకు సాధ్యమే కావచ్చు. ఆపాలనే తేల్చుకుంటే నెల మధ్యలో కాకుండా బిల్లు రోజున చెప్పండి, ఒకటో తేదీ నుంచి కట్టలో ఒక ప్రతి తగ్గించి తెప్పించుకునే వీలు ఆయనకు ఉంటుంది.